నల్ల మేజోళ్ళ బుట్ట

ఫ్యాక్టరీలో పనిచేసే మనిషిని ఒకప్పుడు మనిషి అనేవారు కాదు, చెయ్యి అనేవారు. "ఇంకొన్ని చేతులు కావాలి" అని గేటు దగ్గర కేక వేసేవారు. చేతి వెనక ఒక కడుపు, కడుపు వెనక ఒక ఇల్లు ఉంటాయని యజమానులకు తెలియక కాదు, తెలిసినట్టు ఒప్పుకుంటే ఖర్చని. ఆ తర్వాత ఎవరో చదువుకున్నవాళ్ళు వచ్చి, చేతికి మనసు కూడా ఉందని కనిపెట్టారు. కొత్త ఖండాలు కనిపెట్టినవాళ్ళ మాదిరే, అక్కడ అప్పటికే జనం కాపురముంటున్న సంగతి మరిచిపోయి జెండా పాతారు.

ఆ జెండా నీడలో బతికిన ఒకామె సంగతి ఇది. మేజోళ్ళ ఫ్యాక్టరీలో పనిచేసేది. అందరూ చెవులమ్మ అనేవారు. ఆ పేరు ముద్దుగా పుట్టి, తిట్టుగా స్థిరపడింది.

ఆమెకు తల్లి చిన్నప్పుడే పోతే అక్క పెంచింది. జడ వేసింది, అన్నం పెట్టింది, అవసరమైతే వీపు మీద నాలుగు వేసింది, ఈడు రాగానే తనతో పాటు ఫ్యాక్టరీకి తీసుకెళ్ళి పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పింది. అక్క పెళ్ళయ్యాక కూడా చెల్లెలు అక్కడే ఉండిపోయింది. బావ గొడుగులు బాగుచేస్తాడు. కింద వీధి వైపు గదిలో ఆయన కొట్టు, ఇరుకు మెట్లెక్కితే పైన రెండు గదుల కాపురం. ఎప్పుడు వెళ్ళినా ఆ కొట్టులో ఊచలు విరిగిన గొడుగులు చచ్చిన కాకుల్లా వేలాడుతూ ఉండేవి. ఆయన నోరు మాత్రం మహా జోరు. విరిగిన గొడుగు పట్టుకుని ఎవరొచ్చినా, "ఇది వానకి విరిగిందా, ఇంటావిడ కోపానికి విరిగిందా? రేటు తేడా ఉంటుంది" అనేవాడు.

ఆ ఇంటి ఆడవాళ్ళు మూడు తరాలుగా ఫ్యాక్టరీ మనుషులు. అమ్మమ్మ కాలంలో గంట కొట్టేలోపు లోపల లేకపోతే గేటు మూసేసేవారు. మాట్లాడితే జరిమానా, పాడితే జరిమానా, కిటికీ తెరిస్తే జరిమానా. "తుమ్మితే మాత్రం ఊరుకునేవాళ్ళు, అదీ సరుకు మీద పడకపోతే" అనేదట ముసలావిడ. అమ్మ కాలానికి జరిమానాలు కాస్త తగ్గాయి, వాటి బదులు చేతిలో గడియారం పట్టుకున్న మనిషి వచ్చాడు. పనివాళ్ళ వెనక నిలబడి, చెయ్యి బుట్టలోకి వెళ్ళడానికి ఎంతసేపు, తిరిగి రావడానికి ఎంతసేపు అని కొలిచేవాడు. అతను నిలబడ్డ పూట అమ్మ జుట్టు సవరించుకుని, దారం ఎదురు వెలుతురులో పరీక్షించి, కళ్ళు తుడుచుకుని, పెళ్ళిచూపుల్లో పిల్లంత నిదానంగా పనిచేసేది. అతను అటు వెళ్ళగానే చేతులు కనబడేవి కావు. "అత్తగారి ముందు కోడలి నడక వేరు, వంటింట్లో నడక వేరు. ఆ మాత్రం తెలియనివాడికి గడియారం ఎందుకు?" అని నవ్వేది. గడియారం మనిషికి చివరిదాకా ఆ నవ్వు అందలేదు.

ఈ గడియారాల వాళ్ళ తర్వాత దీపాల వాళ్ళు వచ్చారు. ఎక్కడో ఒక పెద్ద కర్మాగారంలో దీపాల వెలుగు పెంచి చూశారట, పని పెరిగిందట. సరే, తగ్గించి చూద్దామని తగ్గించారట, అప్పుడూ పెరిగిందట! పండితులు బుర్రలు గోక్కుని, వెలుగు సంగతి కాదు, తమను ఒకరు పట్టించుకుంటున్నారని పనివాళ్ళకు కలిగిన భావన వల్ల పని పెరిగిందని తేల్చారు. అక్కణ్ణించి దేశదేశాల్లోనూ పట్టించుకోవడం మొదలైంది. దాని మీద పుస్తకాలొచ్చాయి. కొన్ని చాలా మంచి పుస్తకాలు. వాటిని రాసినవాళ్ళు దుర్మార్గులు కారు. ఈ కథలో దుర్మార్గుడు ఉంటే చెప్పడం తేలికయ్యేది.

యజమాని మేనల్లుడు ఒకాయన ఆ పుస్తకాలు చదివి, మేజోళ్ళ ఫ్యాక్టరీకి మేనేజరుగా వచ్చాడు. వస్తూనే, వీపుకి ఆనుకోవడానికి ఏమీ లేని ముక్కాలి పీటలు తీసేయించి, వీపు ఉన్న కుర్చీలు వేయించాడు. అందుకని ఆయనకు కుర్చీలాయన అని పేరు పడింది. గోడలకు లేత రంగు వేయించాడు. కిటికీలు తెరిపించాడు. ఎవరికి ఎవరితో స్నేహమో వాళ్ళే ఒక బల్ల దగ్గర కూర్చోవచ్చన్నాడు, పని చేస్తూ మాట్లాడుకోవచ్చన్నాడు. పాత మేస్త్రీ ఆ ఉత్తర్వు చదివి వినిపించేటప్పుడు, ఆయన గొంతులో ఎముక అడ్డం పడినట్టుంది.

అక్కచెల్లెళ్ళు కిటికీ పక్క బల్ల చేరారు. వాళ్ళతో పాటు, నోరు మూస్తే ఊపిరాడదని పేరున్న కబుర్ల వదిన, ఇంకా అక్క ఈడు వాళ్ళు కొందరు. ఆ బల్ల పని మేజోడు కొస మూయడం. మిషను మీద అల్లిన మేజోడు వేళ్ళ దగ్గర తెరుచుకునే ఉంటుంది. చుట్టూ సన్నటి ముళ్ళున్న చక్రం ఒకటి నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది. మేజోడు అంచున ఉన్న ఒక్కొక్క దారపు ఉచ్చును ఒక్కొక్క ముల్లుకు తగిలించాలి. ఒక్కటి జారిందా, చిల్లు పడి కాలి మడమ దాకా నిచ్చెనలా దిగుతుంది. చూపంతా దాని మీదే పెట్టాలి. తెల్ల మేజోళ్ళు కాస్త నయం. నల్లవి చేతికొస్తే, కాటుకలో చీమను వెతికినట్టే.

అక్కకు ఆ చీమ కనబడటం మానేసింది.

ఆ విషయం ఆమె ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు నల్లవి ఎక్కువగా ఉన్న బుట్ట అక్క ముందుకు వస్తే, కబుర్ల వదిన తన కబురు మధ్యలో ఆపకుండానే చెయ్యి చాపి, "ఈ నల్లవి నా రంగుకి బాగా నప్పుతాయి, ఇటు పడెయ్ వదినా. ఈ తెల్లవి నువ్వు తీసుకో. ఆ, ఎక్కడున్నాం? ఆ, వాళ్ళ మరిది..." అంటూ మార్చేసింది. ఆ మర్నాడు ఇంకొకామె మార్చింది. ఆ తర్వాత అది బల్ల అలవాటైపోయింది. అక్క బుట్టలోని నల్లవి బల్ల చుట్టూ వెళ్ళిపోయేవి, అందరి బుట్టల్లోని తెల్లవి అక్క ముందు చేరేవి. అడిగినవాళ్ళు లేరు, థాంక్స్ చెప్పినవాళ్ళు లేరు. పేరు పెడితే దిష్టి తగులుతుందన్నట్టు దాని మాటే ఎత్తేవారు కాదు. చెల్లెలు కూడా తన వంతు నల్లవి లాక్కునేది.

ఇంతలో కుర్చీలాయన వినే గది పెట్టాడు. అదీ పుస్తకాల్లోదే. పనివాళ్ళు ఎవరైనా వచ్చి మనసులో ఉన్నది చెప్పుకోవచ్చు. ఇంటి బాధైనా సరే, మేస్త్రీ మీద కోపమైనా సరే. వినడానికి బయటి చదువుకున్నవాళ్ళను పెట్టి చూశాడు కానీ, వాళ్ళ ముందు ఎవరూ నోరు విప్పలేదు. అప్పుడు ఎవరో చెల్లెలి పేరు చెప్పారు. నిజానికి అప్పటికే సగం ఫ్యాక్టరీ తన గోడు ఆమెకే చెప్పుకునేది. మధ్యలో మాట అందుకోకుండా వినే మనిషి ఎక్కడైనా అరుదే.

కుర్చీలాయన ఆమెకు తర్ఫీదు ఇచ్చాడు. సలహా చెప్పకూడదు. వాదించకూడదు. తప్పొప్పులు తేల్చకూడదు. ఎదుటి మనిషి అన్నమాటే కాస్త మార్చి తిరిగి అప్పజెప్పాలి. "మా ఆయన నాతో మాట్లాడటం లేదు" అంటే, "ఆయన మాట్లాడకపోవడం మీకు కష్టంగా ఉందన్నమాట" అనాలి. అంతే. మిగతాది వాళ్ళే చెప్పుకుంటారు.

ఇంటికొచ్చి ఈ విద్య వివరిస్తే బావ గొడుగు పక్కన పడేశాడు.

"ఏమే మరదలా, కుర్చీలో కూర్చుని వింటే జీతమా? ఇన్నేళ్ళుగా మీ అక్క చెప్పేది వింటున్నాను. నాకైతే పింఛనే ఇవ్వాలి."

"నువ్వెప్పుడు విన్నావు? ఊ కొడుతూ నిద్రపోయావు" అంది అక్క.

"నేను వినలేదని నీకు కష్టంగా ఉందన్నమాట" అన్నాడు బావ, మొహం పొడుగ్గా పెట్టి.

ముగ్గురూ కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వారు. చెవులమ్మ అన్న పేరు ఆ పూట బావ పెట్టిందే. అది ఇంటి నుంచి బల్లకు, బల్ల నుంచి ఫ్యాక్టరీ అంతటికీ పాకింది. జనం గది ముందు వరస కట్టారు. ఏడ్చినవాళ్ళు తేలికపడి వెళ్ళేవారు. ఆమె విన్నది విన్నట్టు కడుపులో దాచుకునేది. ఎవరెవరి పేర్లు అన్నది మేనేజరుకు చెప్పేది కాదు, ఆయనా అడిగేవాడు కాదు. "ఈ గది గోడలకు చెవులు లేవమ్మా. ఉన్నవి మీకే" అని నవ్వేవాడు. ఆయన మంచివాడని ఆమె నమ్మింది. ఆ నమ్మకం అప్పటికి తప్పు కూడా కాదు.

కొన్నాళ్ళకు ఆయనే ఆ గదిలోకి వచ్చి, పనివాళ్ళు కూర్చునే కుర్చీలో కూలబడ్డాడు. మొహం పీక్కుపోయి ఉంది.

"మామయ్య ఇదంతా ఎత్తేయమంటున్నాడమ్మా. కుర్చీలు, కబుర్లు, ఈ గది అన్నీ. స్నేహంగా ఉంటే పని పెరుగుతుందంటే నవ్వుతున్నాడు. మళ్ళీ గడియారాల వాణ్ణి పిలిపిస్తాడట."

"మీకు కష్టంగా ఉందన్నమాట" అంది ఆమె అలవాటుగా. ఆయన నవ్వాడు. ఆ తర్వాత అన్నాడు:

"ఆ కిటికీ పక్క బల్ల చూడండి. అందరూ పెద్దవాళ్ళు. అయినా ఎన్నడూ వెనకబడరు, చిల్లు సరుకు రాదు. ఎందుకో ఒక్క కారణం నాకు తెలిస్తే మామయ్య ముందు పెట్టి గెలిచేవాణ్ణి."

ఆమెకు ఆ కారణం తెలుసు. అది ఆమె సొంత ఇంటి గొప్ప. ఇన్నాళ్ళూ అందరి ఏడుపులూ విన్న మనిషికి ఒక్క మంచి మాట చెప్పే అవకాశం వచ్చింది. ఆ మాటతో బల్ల నిలుస్తుంది, కుర్చీలు నిలుస్తాయి, అక్క ఆ కిటికీ పక్కనే ఉంటుంది. చెప్పేసింది. నల్లవి ఎలా వెళ్ళిపోతాయో, తెల్లవి ఎలా వచ్చి చేరతాయో, ఎవరూ ఎవరినీ ఎలా అడగరో, పూసగుచ్చినట్టు చెప్పింది. ఎవరి కోసమో కూడా చెప్పింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఊరికే అన్నారా?

కుర్చీలాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజమైన నీళ్ళే. "ఎంత గొప్ప మనుషులు!" అన్నాడు.

"ఇది బయటకు పోదు కదా సార్?"

"మీ అక్కకు నేనున్నానమ్మా" అన్నాడు ఆయన.

అడిగిన దానికి అది జవాబు కాదని ఆమెకు అప్పుడు తట్టలేదు.

కుర్చీలు నిలిచాయి. వినే గది నిలిచింది. మామయ్య గడియారాల వాణ్ణి పిలవలేదు. బల్ల దగ్గర పండగలా ఉంది. ఆ వారంలోనే కళ్ళ డాక్టరు వచ్చాడు, పనివాళ్ళందరికీ ఉచితంగా పరీక్ష అన్నారు. అక్క ఎంత సంబరపడిందో చెప్పలేం. "కళ్ళజోడు ఇస్తారేమోనే! ఇంక వీళ్ళందరికీ నా బరువు తప్పుతుంది" అంది ఇంట్లో. పొద్దున్నే జుట్టు దువ్వి నున్నగా ముడేసుకుని, పెట్టెలోని మంచి బట్టలు తీసి కట్టుకుని వెళ్ళింది.

"మన బల్లనే ముందు పిలిచారే! ఏంటో ఈ ప్రేమ" అంది కబుర్ల వదిన.

లోపల డాక్టరు గోడకు అక్షరాల అట్ట తగిలించే ఉంది. మిగతావాళ్ళకు అదే చూపించాడు. అక్క వంతు వచ్చేసరికి దాని జోలికే పోలేదు. పక్కన పెట్టుకున్న నల్ల మేజోడు తీసి ఆమె చేతికిచ్చాడు. "ఈ అంచున ఉచ్చులు చూపించమ్మా" అన్నాడు.

అక్క కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పింది. తర్వాత మడిచి, డాక్టరు బల్ల మీద జాగ్రత్తగా పెట్టేసింది.

వెనక వరసలో నిలబడ్డ బల్ల మనుషులంతా చూశారు. నల్ల మేజోడు సంగతి డాక్టరుకు ఎలా తెలిసింది? కబుర్ల వదిన తలతిప్పి వినే గది తలుపు వంక చూసింది. ఆమె జీవితంలో ఏమీ మాట్లాడకుండా ఉన్న మొదటి క్షణం అదేనని తర్వాత చెప్పుకున్నారు.

సాయంత్రం కుర్చీలాయన స్వయంగా బల్ల దగ్గరికి వచ్చాడు. అక్క రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఇన్నేళ్ళు మాకు చూపు ఇచ్చారమ్మా. మిగిలిన చూపు మీ ఇంటివాళ్ళది. మీ కళ్ళు పాడుకానిస్తే నేను మనిషినే కాను" అన్నాడు. ఇంకా మంచి మాటలు చాలా చెప్పాడు. కళ్ళజోడు మాట అక్క అడిగింది. ఈ పనికి అద్దాలు చాలవని డాక్టరు అన్నాడట. జ్ఞాపకంగా ఉంచుకోమని, ఆమె కూర్చునే కుర్చీనే ఆమెకు ఇచ్చారు. కూలివాడు దాన్ని నెత్తిన పెట్టుకుని ముందు నడిచాడు. అక్క వెనక నడిచింది. దారిన పోయేవాళ్ళకు ఎవరో కొత్త కాపురం పెడుతున్నట్టు అనిపించి ఉంటుంది.

మర్నాటి నుంచి బుట్టలకు మూతలొచ్చాయి. ఎవరి బుట్ట వాళ్ళది, ఒకరి సరుకు ఇంకొకరు ముట్టకూడదు. ఇదీ పనివాళ్ళ మేలుకేనట, ఒకరి భారం ఒకరి మీద పడకుండా. కబుర్లు మాత్రం చెప్పుకోవచ్చు.

ఇంట్లో ఆ కుర్చీ నడవలోనే ఉండిపోయింది. దాని మీద ఎవరూ కూర్చోలేదు. అక్క నేల మీద గోడకు ఆనుకుని కూర్చుంది. బావ మొట్టమొదటిసారి ఏ హాస్యమూ ఆడలేదు.

"చెప్పావా?" అంది అక్క.

"మన బల్ల గొప్పతనం చెప్పానక్కా. ఇంతమంది కలిసి నిన్ను..."

"అది నా గొప్ప కాదే. నా సిగ్గు. వాళ్ళ చేతుల్లో దాచుకున్నాను." అంది అక్క. "నీ చేతిలోనూ దాచాను."

"ఆయన మంచివాడు అక్కా, ఆయనకు తెలియకుండా..."

"మంచివాడేనే. చెడ్డవాడైతే నువ్వు చెప్పేదానివా?" అన్నాడు బావ, ఆమె వైపు చూడకుండా. "మన చెడు పెద్దవాళ్ళకు చెబితే తిట్టి ఊరుకుంటారు మరదలా. మన మంచి చెప్పకూడదు. దాన్ని వాడుకుంటారు."

పొద్దున్నే చెవులమ్మ తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్ళింది. ఆయన లేచి నిలబడి కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"మా అక్కను ఎందుకు తీసేశారు సార్?"

"కూర్చోండమ్మా. మీ మనసులో ఉన్నదంతా చెప్పండి."

"మిమ్మల్ని నమ్మి చెప్పాను. మీ అక్కకు నేనున్నానన్నారు."

ఆయన తల పక్కకు వంచాడు. గొంతు మెత్తగా, ఓపిగ్గా ఉంది. "నమ్మిన చోట మోసం జరిగిందని మీకు అనిపిస్తోందన్నమాట."

ఆ మాట తీరు ఆమెకు తెలుసు. ఆ తల వంపు కూడా తెలుసు. తన ఎదుట కూర్చుని ఏడ్చిన అందరికీ తాను ఇచ్చింది ఇదే. అవతలి కుర్చీలో నుంచి అది ఎలా వినబడుతుందో ఇప్పుడే వింటోంది.

"అనిపించడం కాదు సార్, జరిగింది."

"అలా అనిపించడం సహజమే."

"మళ్ళీ తీసుకోండి. నల్లవన్నీ నేను చేస్తాను. నా బుట్టా చేస్తాను, ఆమె బుట్టా చేస్తాను."

"మీ అక్కంటే మీకు ఎంత ప్రేమో తెలుస్తోంది" అన్నాడు ఆయన. ఆ మాటలో వెటకారం ఇసుమంతైనా లేదు. అదే ఆమెకు ఎక్కడా పట్టు దొరకనివ్వలేదు. గడియారం మనిషిని అమ్మ నవ్వి గెలిచింది. జరిమానాల మేస్త్రీని అమ్మమ్మ తిట్టి గెలిచింది. తలవంచి వినేవాణ్ణి ఏం చేయాలో మూడు తరాల్లో ఎవరూ నేర్పలేదు.

వినే గది తాళంచెవి ఆయన బల్ల మీద పెట్టి, తన పాత చక్రం దగ్గరికి వెళ్ళి కూర్చుంది. బల్ల చుట్టూ కబుర్లు టక్కున ఆగాయి.

"ఏదైనా మాట్లాడండే" అంది చాలాసేపటికి.

"ఏం మాట్లాడమంటావు చెవులమ్మా?" అంది కబుర్ల వదిన చక్రం మీద నుంచి కళ్ళెత్తకుండా. "వాన పడేలా ఉంది. ఇది పైవాళ్ళకు చెప్పుకున్నా ఫర్వాలేదు."

వినే గదిలోకి ఇంకొకరిని పెట్టారు. జనం వెళ్ళేవారు, వెళ్ళమంటే వెళ్ళాలి కదా. వెళ్ళి ఎండ ఎక్కువైందనీ, వాన తక్కువైందనీ చెప్పి వచ్చేవారు. చివరికి గది మూసేశారు. పనివాళ్ళకు నిజానికి మనసు విప్పడం ఇష్టం ఉండదని కుర్చీలాయన ఏదో సభలో దిగులుగా చెప్పాడట. కిటికీ బల్ల సంగతి కూడా ఆయన చాలా సభల్లో చెప్పాడని విన్నాం. జనం చప్పట్లు కొట్టేవారట. అందులో ఒక ముసలామె ఉంటుంది, తోటివాళ్ళ ప్రేమ ఉంటుంది. ఆమె తర్వాత ఏమైందన్నది ఉండదు.

ఏమైందంటే, గొడుగులు కుడుతోంది. ఊరికే కూర్చోలేక భర్త పక్కన చేరి, ఊచల మీద బట్ట బిగించి కుట్టడం మొదలుపెట్టింది. గొడుగు బట్టంటే నలుపే కదా. కంటికి కనబడదు. బొటనవేలితో అంచు తడుముకుంటూ, సూది దించుతూ, గుచ్చుకున్నప్పుడల్లా వేలు నోట్లో పెట్టుకుంటూ కుడుతుంది. చెల్లెలితో మాటలు మానెయ్యలేదు. అన్నం పెడుతుంది, తలనొప్పంటే మందు రాస్తుంది. కానీ మునుపటిలా పక్కన చేరి "ఇలా జరిగిందే" అని ఒక్క సంగతీ చెప్పదు. చెల్లెలు "ఏంటక్కా అలా ఉన్నావు?" అంటే, "ఏం లేదు" అంటుంది. ఒక్కసారి మాత్రం, "నన్ను అడక్కే. అడిగితే నువ్వు వింటావు" అంది.

వానలు మొదలై కొట్టు నిండా గొడుగులు చేరిన ఒక సాయంత్రం, చెవులమ్మ పని నుంచి వచ్చి అక్క ఎదురుగా కూర్చుంది. గుమ్మం దగ్గర ఎవరో ఇచ్చి వెళ్ళిన చిన్నపిల్లల తెల్ల గొడుగు ఒకటి ఉంటే, దాన్ని తీసి ఏమీ అనకుండా అక్క ఒడి పక్కన పెట్టింది. బల్ల దగ్గర అందరూ చేసినట్టే, ఎటో చూస్తూ, అక్క ఒడిలోని నల్ల బట్ట అంచు పట్టుకుని తన వైపు లాక్కుంది.

బట్ట రాలేదు. అవతలి అంచు అక్క పిడికిట్లో ఉంది.

"అక్కా, ఇలా ఇవ్వు."

అక్క చూపు తగ్గిన కళ్ళు చెల్లెలి వైపు తిప్పింది. కోపం లేదు. బట్టను నెమ్మదిగా, గట్టిగా, తన ఒడిలోకి లాక్కుని, బొటనవేలితో మళ్ళీ అంచు వెతుక్కోవడం మొదలుపెట్టింది.

"నల్లది నాకుండనీ" అంది.